పెట్టెలో పోసిన నీళ్ళు

మా ఇంటికి దోమల్ని మేమే అడిగి తెచ్చుకున్నామంటే మా చుట్టాల్లో నమ్మనివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళని తప్పు పట్టను. ఆ వానాకాలమంతా ఆ పెట్టె పక్కనే తిరిగినవాణ్ణి నేను. నాకే కొన్ని సంగతులు ఇంకా ఒక కొలిక్కి రాలేదు.

నేను గొడుగులు బాగుచేస్తాను. జిప్పులు, సంచులు, సూట్‌కేసుల పిడులు కూడా చేస్తాను గానీ వాన మొదలైతే గొడుగులే. ఇంటి ముందుగదే నా దుకాణం. కూర్చున్న చోటి నుంచి వీధి కనిపిస్తుంది. మెడ తిప్పితే వంటగది గుమ్మంలోంచి పెరడు కనిపిస్తుంది. పెరట్లో మా ఆవిడ కోళ్ళు. వాటి గుడ్లు వీధి చివరి బేకరీకి వెళ్తాయి.

పెట్టెని తెచ్చి పెరటి గోడకి తగిలించింది మా అబ్బాయి. వాడు ఊరి బయట కొత్తగా కట్టిన షెడ్లలో పనిచేస్తాడు. అక్కడి బోర్డు మీద ఏదో పెద్ద పేరుంది గానీ అందరూ దోమలిల్లు అంటారు. దోమల్ని అక్కడ పెంచుతారు, పెంచి ఊళ్ళోకి వదులుతారు. ఎదురింటాయనకి రేడియో అని పేరు, వీధిలో ఏ ఇంట్లో ఏం జరిగినా ఆయన నోటి నుంచే అందరికీ తెలుస్తుంది గనక. ఈ సంగతి వినగానే ఆయన నా దుకాణం మెట్టు మీద చతికిలబడ్డాడు.

"అదేం ఉద్యోగం బాబాయ్? దొంగల్ని పెంచి వీధిలోకి వదిలే ఉద్యోగం కూడా ఉందేమో మీవాణ్ణి కనుక్కోమను. మా బావమరిది ఖాళీగా ఉన్నాడు."

మా ఆవిడ లోపల్నుంచి వింది. "మీ బావమరిదిని పెంచక్కర్లేదయ్యా, వదిలితే చాలు" అంది.

పెట్టె కావాలని పట్టుబట్టింది మా ఆవిడే. కారణం ఇంట్లో అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు. అంతకుముందు వానల్లో మా కోడలికి డెంగీ వచ్చింది. అప్పుడామెకి ఐదో నెల. జ్వరం తగ్గింది, కడుపు నిలవలేదు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజున, మనసులోని బాధని ఎటు తిప్పాలో తెలియక మా ఆవిడ, "సందె వేళ పెరట్లో కూర్చోవద్దంటే విన్నావా" అనేసింది. కోడలు లోపలికి వెళ్ళి పడుకుంది. ఆ తర్వాత కూడా పనిలో లోటు లేదు, మర్యాదలో లోటు లేదు. అత్తయ్యా అనే పిలుపు మాత్రం అవసరానికి తగ్గిపోయింది. మళ్ళీ వానలు మొదలయ్యేసరికి ఆమెకి ఆరో నెల. ఈసారి ఈ బిడ్డ దక్కాలి. మా ఇంట్లో అందరి ఊపిరీ ఆ ఒక్క మాట మీదే ఆడుతోంది.

పెట్టె తగిలించిన రోజు మా వాడు మమ్మల్ని ముగ్గుర్నీ పెరట్లో నిలబెట్టి పాఠం చెప్పాడు.

"లోపల కాగితం ముక్కకి గుడ్లు అంటించి ఉంటాయి. నీళ్ళు పోస్తే పురుగులవుతాయి, ఆ పురుగులే దోమలవుతాయి. వీటిలో ఆడవి పురుగుగా ఉన్నప్పుడే చచ్చిపోతాయి. మగవే బయటికి ఎగిరొస్తాయి. మగ దోమ కుట్టదు. అది పోయి బయటున్న ఆడ దోమలతో కలిస్తే, వాటికి పుట్టే ఆడపిల్లలు కూడా ఇలాగే పోతాయి. అలా అలా కుట్టేవి తగ్గుతాయి."

"తిరుగుతుంది, తింటుంది, ఎవర్నీ ఏమీ అనదు" అంది మా ఆవిడ. "మీ నాన్నలాగే అన్నమాట."

"ఆడవే ఎందుకు పోతాయిరా? ఎవరు చంపుతారు?" అన్నాను.

"ఎవరూ చంపరు నాన్నా. వాటి పుట్టుకలోనే ఒక మార్పు చేశారు."

"మరి మీ షెడ్లలో గుడ్లు పెట్టేదెవరు, ఆడవన్నీ పోతే?"

వాడికి సంబరమైంది. చిన్నప్పటి నుంచీ వాణ్ణి ప్రశ్నలడిగి విసిగించేవాణ్ణే గానీ వాడికి నచ్చే ప్రశ్న అడగడం అదే మొదలు. "అక్కడ తొట్టెల నీళ్ళలో ఒక మందు కలుపుతాం. ఆ మందు ఉంటే ఆడవీ బతుకుతాయి. బయటి నీళ్ళలో అది ఉండదుగా, అందుకే పోతాయి. మనం చెయ్యాల్సింది ఒక్కటే, పెట్టెలో నీళ్ళు తగ్గినప్పుడల్లా శుభ్రమైన నీళ్ళు పొయ్యడం."

"నేను పోస్తాను" అంది మా ఆవిడ, ఇంకెవరూ నోరు తెరవకముందే.

"ఇంకో మాటమ్మా" అన్నాడు వాడు, కాస్త ఆగి. "డెంగీ దోమ ఎక్కువగా పగటి పూటే కుడుతుంది. ఇంట్లోనే ఉంటుంది. సందె వేళ పెరట్లో కూర్చున్నా కూర్చోకపోయినా పెద్ద తేడా ఉండదు."

వాడు కావాలని అన్నాడో, పాఠంలో భాగంగా అన్నాడో తెలియదు. కోడలు నేలచూపులు చూసింది. మా ఆవిడ పెట్టె మూతని ఇంకోసారి నొక్కి, కోళ్ళకి దాణా వెయ్యాలంటూ వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకి వాడి పై ఆఫీసరు వీధిలో పెట్టెలన్నీ చూసుకుంటూ వచ్చింది. బాగా పొడగరి. మా ఆవిడ మొదటి రోజే పొడుగు మేడమ్ అని పేరు పెట్టేసింది. మేడమ్ గొడుగు పుల్ల ఒకటి ఊడిపోతే నా దగ్గర కూర్చుంది. పుల్లకి తీగ చుడుతూ, మనసులో నలుగుతున్న మాట అడిగాను.

"మేడమ్, తప్పుగా అనుకోవద్దు. ఆ మగ దోమ బుద్ధిగా జత కడుతుంది కదా. తనకి పుట్టే ఆడపిల్లలంతా పోతారని దానికి తెలియదు."

"దోమకి తెలియడాలూ తెలియకపోవడాలూ ఉండవండీ."

"దానికి ఉండకపోవచ్చు. మనకి తెలుసు కదా."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "మొదట్లో నాకూ అలాగే అనిపించేది. ఒకసారి జ్వరాల రోజుల్లో పిల్లల వార్డుకి వెళ్ళొచ్చాను. అప్పట్నుంచి ఆలోచించడం మానేశాను" అంది. గొడుగు తెరిచి చూసుకుని, "మానెయ్యడం మంచిదేనో కాదో నాకు తెలియదు" అంది.

నాకు పొద్దున్నే స్నానం చేసి దేవుడి ముందు కాసేపు కూర్చోవడం అలవాటు. పెద్దగా మంత్రాలేవీ రావు. నా కష్టం చెప్పుకుని లేస్తాను. ఆ రోజుల్లో చెప్పుకున్నది ఒకటే, ఆ బిడ్డని దక్కించు స్వామీ అని. మేడమ్‌తో మాట్లాడాక ఆ మాట గొంతులో అడ్డం పడటం మొదలుపెట్టింది. దోమనీ ఆయనే చేశాడు. చేసినవాడి ముందు కూర్చుని, ఇదిగో నీ పనిలో ఈ ముక్క మేం దిద్దుకుంటున్నాం, దీవించు అని అడగడం ఎలా? పోనీ అడక్కుండా లేవడమెలా? రెండూ చేతకాక, ఒట్టి దణ్ణం పెట్టి లేచేవాణ్ణి.

మా ఆవిడకి ఇలాంటి పేచీల్లేవు. ఆ పెట్టెని కళ్ళలో పెట్టుకుని చూసుకుంది. మూత మీద రెట్ట పడితే తుడిచేది. ఎండ తగిలితే గోనెపట్టా కప్పేది. బయటికొచ్చిన దోమల్ని మన పిల్లలు అనేది. అదే సమయంలో కోళ్ళకి తేమ పడక గురక పట్టుకుంది. ముక్కులు కారుతూ, మెడలు చాచి ఎగపోస్తున్నాయి. దాణా కొట్టువాడు ఒక పసుపు పొడి ఇచ్చాడు. పొద్దున్నే ఆ పొడిని గూటి పక్కనున్న పెద్ద బకెట్లో కలిపి, రోజంతా అదే నీళ్ళు కోళ్ళ గిన్నెల్లో పోసేది. నాలుగైదు రోజుల్లో గురక తగ్గింది. ఆపితే మళ్ళీ వస్తుందేమోనని వానలు వెళ్ళేదాకా ఆపనంది. నేను గొడుగు కుడుతూ ఇదంతా చూస్తూనే ఉన్నాను. ఇంటి పనులు చూసినట్టే చూశాను.

ఒక మధ్యాహ్నం కోడలు చీర కుచ్చెళ్ళు కాస్త పైకెత్తి చీలమండలు చూపించింది. ఎర్రటి దద్దుర్లు.

"అత్తయ్యా, దోమలు కుడుతున్నాయి. పగటి పూటే."

"మనవి కాదు" అంది మా ఆవిడ వెంటనే. "మనవి కుట్టవు. ఆ రేడియో ఇంటి వెనక డబ్బాల్లోంచి వస్తుంటాయి."

రేడియోకి ఈ మాట చేరడానికి ఎంతసేపు. పొద్దున్నే మెట్టు మీదికొచ్చాడు. "బాబాయ్, మీ పెరట్లో పుట్టిన మగవాళ్ళు మా ఇంటికొచ్చి మా ఆవిణ్ణి కుట్టి వెళ్ళారు. నా నలభై ఏళ్ళలో మగవాళ్ళింత ధైర్యం చెయ్యడం చూళ్ళేదు."

"నీ మొహం. కుట్టింది ఆడదై ఉంటుంది."

"అదే నేనూ అంటున్నా. మీ పెట్టెలో ఆడవి ఎందుకున్నాయీ అని."

ఎగతాళికే అన్నాడు. నేనూ నవ్వాను. సాయంత్రం అన్నం దగ్గర ఈ మాట చెబితే మా వాడు మాత్రం నవ్వలేదు. ముద్ద నోట్లో పెట్టుకోకుండా భార్య కాళ్ళ వంక చూశాడు. మర్నాడు పొడుగు మేడమ్‌ని వెంటబెట్టుకొచ్చాడు.

ఆమె పెట్టెలోంచి కాసిని నీళ్ళు తెల్లటి గిన్నెలోకి వంపి, పెరటి మూలకి, నీడలోకి తీసుకెళ్ళింది. ఒక రకం దీపం వేసి, రంగు అద్దంలోంచి చూసింది. మమ్మల్నీ చూడమంది. నీళ్ళలో పురుగులు నిప్పుకణికల్లా ఎర్రగా మెరుస్తూ గింగిరాలు తిరుగుతున్నాయి. చూడ్డానికి ఎంత అందంగా ఉన్నాయో చెప్పలేను.

"మెరుస్తున్నాయంటే మావే" అంది. "కానీ ఈ పెద్దవి చూడండి, ఇవి ఆడవి. ఇంతవరకూ పెరగకూడదు." మా ఆవిడ వైపు తిరిగింది. "నీళ్ళు ఎక్కడివి పోస్తున్నారమ్మా?"

"ఇదిగో ఈ బకెట్లోవే. నా కోళ్ళు తాగే నీళ్ళు. వాటికి నేను మురికి నీళ్ళు పెట్టను."

మేడమ్ బకెట్లోకి వంగి చూసింది. నీళ్ళు కొంచెం పచ్చగా ఉన్నాయి. "ఇందులో ఏమైనా కలుపుతారా?"

"కోళ్ళ మందు. గురకకి."

మా వాడు కిటికీలో ఉన్న పొట్లం తీసుకుని వెనక వైపు చదివాడు. చదివి, మేడమ్ చేతికిచ్చాడు. ఆమె కూడా చదివి, నెమ్మదిగా అంది. "మా తొట్టెల్లో కలిపే మందు కూడా ఇలాంటిదేనమ్మా."

మా ఆవిడ వాళ్ళిద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

"అంటే మంచిదేగా?" అంది.

పక్కనే ఒక కోడి తన గిన్నెలోంచి నీళ్ళు తాగి, తల పైకెత్తి మింగుతోంది. వంటగది గుమ్మంలోంచి కోడలు అంది, "ఆడవి బతికాయి అత్తయ్యా."

అంతే అంది. గొంతు పెంచలేదు.

మా ఆవిడ పొట్లం అడిగి తీసుకుంది. ఆమెకి చదువు రాదు. అయినా అటూ ఇటూ తిప్పి చూసింది. మేడమ్, "తప్పు మాదండీ. కుళాయి నీళ్ళే పొయ్యమని విడమరిచి చెప్పాల్సింది, శుభ్రమైన నీళ్ళు అని ఊరుకున్నాం" అంటోంది. మా వాడు, "అది నేను కదా చెప్పింది" అంటున్నాడు. ఇద్దరూ తప్పు కోసం పోటీ పడుతున్నారు. మా ఆవిడ వాళ్ళ మాట వినిపించుకున్నట్టే లేదు. పెట్టె తీసుకెళ్ళిపోయారు. రేడియో తన గుమ్మం దిగి సగం వీధి దాటి, మా గుమ్మంలోంచి గూటి పక్కన కింద కూర్చున్న మా ఆవిణ్ణి చూసి, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయాడు. ఆయన ఒక సంగతి తెలిసీ నోరు మూసుకోవడం నాకు తెలిసి అదొక్కసారే.

అప్పట్నుంచి మా ఆవిడ మాటలు మానేసింది. దోమల బ్యాట్ పట్టుకుని గది గదీ తిరిగేది. మంచాల కింద, తలుపుల వెనక, బీరువా సందుల్లో. కోడలు నిద్రపోతే పక్కనే కూర్చుని విసిరేది. ఎంతకని విసరగలదు? వారం పైన గడిచాక కోడలు పొద్దున్నే లేవలేక, కళ్ళ వెనక నొప్పిగా ఉందంది. ఒళ్ళు కాలిపోతోంది. పరీక్ష చేసి డెంగీయే అన్నారు.

ఆసుపత్రి వరండాలో ఒక పొడుగాటి బల్ల ఉంది. దాని మీదే మేం కాపురం పెట్టాం. డాక్టరు రోజూ రక్తంలో కణాల లెక్క చెప్పి, బిడ్డ గుండె కొట్టుకుంటోంది అని చెప్పి వెళ్ళేవాడు. రెండో మాట వినేదాకా మొదటి మాట మా చెవికెక్కేది కాదు. మేడమ్ చూడ్డానికొచ్చింది. అన్నాళ్ళూ నోరు మెదపని మా ఆవిడ ఆమె చెయ్యి పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టుకుంది.

"ఒక్కటి చెప్పు తల్లీ. దాన్ని కుట్టింది నా పెట్టెలో పుట్టిందేనా?"

"చెప్పలేనమ్మా. పెట్టెలో పుట్టిన దోమలో జబ్బు ఉండదు. ముందు అది జబ్బున్న మనిషిని కుట్టాలి, కొన్నాళ్ళాగి ఇంకొకర్ని కుట్టాలి. అదీ జరగొచ్చు. బయటి దోమైనా కావచ్చు, అవీ ఉన్నాయిగా."

"ఆ దీపం వేసి చూస్తే తెలీదా?"

"కుట్టిన దోమ దొరకాలి కదమ్మా."

"పురుగుకి పుట్టుక మార్చగలిగారు. ఇది చెప్పలేరా?"

కోపంతో అనలేదు. నిజంగానే అడిగింది. నాకు మాత్రం కోపం వచ్చింది, ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు. మా ఆవిడ మీద పెడదామంటే ఆమె చేసింది జబ్బు చేసిన కోళ్ళకి మందు పొయ్యడం, కోడలి కోసం పెట్టెకి నీళ్ళు పొయ్యడం. రెండూ మంచి పనులే. రెండు మంచి పనులు ఒక బకెట్లో కలిస్తే ఇలా ఎందుకయింది స్వామీ అని బల్ల మీదే కళ్ళు మూసుకుని అడిగాను. మందు వాసన, ఎవరో దగ్గుతున్న చప్పుడు. అంతకు మించి ఏమీ తెలియలేదు.

జ్వరం దిగాకే అసలు ప్రమాదమని డాక్టరు చెప్పాడు. అది దిగిన రోజున కోడలు కళ్ళు తెరిచి చూస్తోంది. చెంపలు లోపలికి పోయాయి. మా ఆవిడ మంచం దగ్గరికి రాకుండా కాళ్ళ వైపు నిలబడింది. నేను కిటికీ దగ్గర ఉన్నాను.

"నువ్వు నన్నొక మాట అనెయ్యవే" అంది మా ఆవిడ. "అంటే నాకు తేలిగ్గా ఉంటుంది."

కోడలు తల ఆమె వైపు తిప్పింది. "అంటే మీకు తేలిగ్గా ఉంటుంది అత్తయ్యా. నాకు?" అంది.

నేను బయటికి వెళ్దామా అనుకున్నాను, వెళ్ళలేదు. కాసేపటికి కోడలే మళ్ళీ అంది. "జడ వెయ్యండి. పడుకుని పడుకుని చిక్కు పడిపోయింది, తల లాగేస్తోంది."

మా ఆవిడ మంచం తల వైపుకి వచ్చి కూర్చుంది. దువ్వెన లేదు. వేళ్ళతోనే ఒక్కొక్క చిక్కూ విడదీసింది. ఆమె పని చేస్తే చప్పుడు చెయ్యకుండా ఎన్నడూ చెయ్యలేదు. ఆ వేళ ఒక్క వెంట్రుక కూడా లాగకుండా చేసింది.

బిడ్డ నిలిచింది. నెల తక్కువలో, వానలు వెనకపడుతున్న రోజుల్లో పుట్టింది. నర్సు బయటికొచ్చి, "అమ్మాయి. చిన్నదే గానీ గొంతు గట్టిది" అంది. మా ఆవిడ గోడకి ఆనుకుని అలాగే కిందికి కూర్చుండిపోయింది. దేవుడికి కృతజ్ఞత చెప్పుకుందామని చేతులు జోడించాను. ఎంతమంది ఆడపిల్లలు పోవాలని అడిగి, ఈ ఒక్క ఆడపిల్లని తెచ్చుకున్నానో అనిపించి, ఆ జోడించిన చేతులతో ఏం చెయ్యాలో తోచక, జేబులో పెట్టుకున్నాను.

కోళ్ళని అప్పటికే మా ఆవిడ బేకరీవాళ్ళ చుట్టాలకి ఇచ్చేసింది. నేను వద్దనలేదు. పెరడు బోసిగా ఉంది. ఆ ఏడు మా వీధిలో జ్వరాలు పోయినేటి కంటే తక్కువే అన్నారు. పెట్టెల వల్లే అన్నారు కొందరు. వానలు కూడా తక్కువే అన్నారు కొందరు. రేడియో ఇద్దరి మాటలూ ఇద్దరికీ మోశాడు.

ఎండ కాస్తున్న ఒక పొద్దున పొడుగు మేడమ్ వచ్చింది. బిడ్డకి ఒక చిన్న దోమతెర తెచ్చింది. కోడలు ముందుగదిలో, నా గొడుగుల మధ్య, బిడ్డని ఒళ్ళో వేసుకుని కూర్చుంది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. మేడమ్ అటూ ఇటూ మాట్లాడి, నీళ్ళు నమిలి, చివరికి అడిగింది. "వచ్చే వానలకి మళ్ళీ పెట్టెలు పెడుతున్నామండీ. మీ ఇంట్లో వద్దంటే వద్దు. ఎవరూ తప్పుగా అనుకోరు."

మా వాడు నా వైపు చూశాడు. నేను మా ఆవిడ వైపు చూశాను. మా ఆవిడ నేల వైపు చూసింది.

"పెట్టండి" అంది కోడలు. "ఈసారి నీళ్ళు నేను పోస్తాను."

మా ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. వెనకాలే వెళ్ళాను. పొయ్యి మీద బిడ్డ స్నానానికి నీళ్ళు కాగుతున్నాయి. ఆమె వేలు ముంచి వేడి చూస్తోంది.

"విన్నావా, ఏమందో" అన్నాను.

"విన్నాను."

"క్షమించానంటోందా, దెప్పుతోందా?"

మా ఆవిడ కుళాయి విప్పి చన్నీళ్ళు పట్టుకుంది, వేడినీళ్ళలో కొంచెం కొంచెంగా కలిపింది, మళ్ళీ వేలు ముంచింది.

"ఏదైతే నాకెందుకండీ" అంది. "పోస్తానంది. పొయ్యనివ్వండి. మీరు వెళ్ళి పిల్లని పట్రండి, నీళ్ళు సరిపోయాయి."